మంచునేలపై సర్పభయము

ఉష్ణదేశమున పుట్టి పెరిగిన మనకు పాము క్రొత్త కాదు. పొలముగట్టున, గడ్డివామి క్రింద, వానకాలపు రాత్రి వాకిటిలో అది ఎదురగుచునే యుండును. అందుచే మన యిండ్లలో నాగులచవితి జరుగుటయు, పుట్టలో పాలు పోయుటయు, చీకటి పడిన పిమ్మట పామును పేరుపెట్టి పిలువక "పురుగు" అని యనుటయు ఎవరికిని వింతగా తోచదు. ఉన్న ప్రాణిని చూచి భయపడితిమి, భయపడినదానికి మ్రొక్కితిమి. ఇందు తెలియనిది ఏమున్నది?

కాని సంవత్సరమున ఆరు నెలలు నేల మంచుక్రింద దాగియుండు దేశమొకటి కలదు. రష్యాదేశపు ఐరోపా భాగమున ఈశాన్యపు మూల, ఉరలు పర్వతములకు పడమటగా, వీచెగ్ద, పెచోర నదుల తీరములందు కోమి యను జాతివారు నివసింతురు. వారి రాజధాని సిక్తివ్‌కార్ నగరము. వారి భాష రష్యనుకు చుట్టము కాదు. ఫిన్నిషు, హంగేరియను భాషలు చేరిన కుటుంబమునకు చెందినది. 2010వ సంవత్సరపు జనాభా లెక్కలలో రష్యాలో సుమారు 2,28,000 మంది తాము కోములమని చెప్పుకొనిరి. అచ్చటి అడవులలో సాధారణముగా కానవచ్చు విషసర్పము ఒక్కటే. అది మన రక్తపింజర కుటుంబములోనిది, కాని దానికంటె చాల చిన్నది. దానికి తోడు, గ్రుడ్లు పెట్టక పిల్లలనే కను ఒక చిన్న బల్లి. బురదనేలలలో కొన్ని కప్పలు. ముప్పది డిగ్రీలకు మించిన శైత్యమున గడ్డకట్టియు వసంతమున మరల కదలాడు సైబీరియా సాలమాండరు. ప్రాణులు ఇంతే. అయినను ఆ ప్రాణులను గూర్చి కోమి పల్లెలలోను, పొరుగున రష్యను పల్లెలలోను అల్లుకొన్న విశ్వాసములు ఒక మహారణ్యమంత కలవు. పాములు తక్కువ, పాముభయము ఎక్కువ. ఈ వైపరీత్యమునకు కారణమేమో ఈ ప్రసంగమున కొంత విచారింతము.

ముందుగా ఒక మాటను పరిశీలింపవలెను. రష్యను రైతు జంతుశాస్త్రజ్ఞుని వలె పామును ఒక తరగతిగను, కప్పను వేరొక తరగతిగను విడదీయలేదు. పాము, బల్లి, కప్ప మొదలుగా నేలను ప్రాకునవి, తడిలో తిరుగునవి, చేతికి చల్లగా తగులునవి అన్నియు అతనికి ఒకే గుంపు. ఆ గుంపునకు "గాద్" అని పేరు. రోతపుట్టించునది అని ఆ మాటకు భావము. నేటికిని ఒక దుష్టుని తిట్టవలసినప్పుడు రష్యనులు ఈ మాటనే వాడుదురు. ఇవి యన్నియు భూమికి అడుగున నుండు లోకమునకు చెందినవని, పితృదేవతలకును దయ్యములకును దగ్గరివని వారి నమ్మకము.

పామునకు రష్యను భాషలో "జ్మెయా" యని పేరు. ఇది "జెమ్ల్యా", అనగా భూమి, అను మాటనుండి పుట్టినదని భాషావేత్తలు నిశ్చయించిరి. నేలమీదిది, మంటిది అని అర్థము. అసలు పేరును పలుకుటకు భయపడి ఈ మారుపేరు పెట్టుకొనిరి. మన "పురుగు" వంటిదే ఇదియు. మరి అసలు పేరు ఏమైనది? అది పూర్తిగా నశింపలేదు. మన నీరుకట్టెకు దాయాది యగు విషములేని ఒక పామును రష్యనులు "ఊజ్" అందురు. ఆ పదమును, లాటిను భాషలోని "అంగ్విస్" పదమును, మన సంస్కృతములోని "అహి" పదమును ఒకే మూలమునకు చెందినవిగా పలువురు పండితులు తలంతురు. వేలయేండ్లనాడు ఒక్కచోట పలికిన మాట ఒక కొమ్మ గంగాతీరమునకును, ఒక కొమ్మ వోల్గాతీరమునకును ప్రాకినదన్నమాట.

ఇక చరిత్రలోనికి వత్తము. పన్నెండవ శతాబ్దారంభమున కీవు నగరమున కూర్చబడిన ప్రాచీన వృత్తాంత గ్రంథమున 912వ సంవత్సరము క్రింద ఒక కథ వ్రాయబడియున్నది. ఒలేగు అను రాజునకు మిక్కిలి ప్రియమైన గుఱ్ఱమొకటి యుండెను. దానివలననే నీకు మృత్యువు కలుగునని మాంత్రికులు చెప్పగా రాజు దానినెక్కుట మానివేసి, మేత లోటు లేకుండ దూరముగా ఉంచెను. కొన్నియేండ్లకు అది చచ్చెనని విని, జోస్యమును పరిహసించి, ఎముకలున్న చోటికి పోయి కపాలమును కాలితో తన్నెను. ఆ కపాలములోనుండి పామొకటి వెలువడి పాదమును కఱచెను. రాజు దానితో మరణించెను. రష్యా మహాకవి పుష్కిను 1822లో ఈ వృత్తాంతమునే ఒక గేయకథగా వ్రాసెను; అచ్చటి బాలబాలికలకు అది నేటికిని పరిచితము. విధినుండి తప్పించుకొనజూచిన రాజును విధి పాము రూపమున వెదకికొని వచ్చుట మన పరీక్షిత్తు కథ నెఱిగిన మనకు వింత కాదు.

అదే కాలమున ఆ దేశపు ప్రభువులును, ధనికులును మెడలో ఒక విధమగు బిళ్ళను ధరించుచుండిరి. దానికి "జ్మెయెవిక్" అని పేరు. ఒకవైపున దేవదూతయో, పునీతుడో, మేరీమాతయో యుండును. రెండవవైపున ఒక ముఖము, దాని చుట్టును కిరణములవలె పాములు. చర్చికి పోయి మ్రొక్కువారే ఈ పాముల బిళ్ళను రొమ్మున దాల్చిరి. రోగములను, ముఖ్యముగా స్త్రీల గర్భవ్యాధులను, ఇది వారించునని నమ్మిరి. 1821లో ఇప్పటి ఉక్రెయిను దేశములోని చెర్నిహీవు దగ్గర బంగారుబిళ్ళ యొకటి దొరకినది. దానిపైనున్న వసీలి యను పేరునుబట్టి, ఆ క్రైస్తవనామమును దాల్చిన వ్లదీమిరు మొనొమాహు అను ప్రభువుదై యుండునని చరిత్రకారులు ఊహింతురు. క్రొత్తమతము వచ్చినను పాతభయము పోలేదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యమేల? బిళ్ళకు రెండు ముఖములుండినట్లే ఆనాటి మనుష్యుని విశ్వాసమునకును రెండు ముఖములుండెను.

1582వ సంవత్సరపు ప్‌స్కోవు వృత్తాంతమున ఇంకొక విచిత్రమైన సంగతి కనబడును. ఆ యేట నదిలోనుండి "కొర్కొదీలు" లనెడి క్రూరమృగములు వెలువడి దారి నరికట్టినవట. పలువురను తినినవట. ప్రజలు భీతిల్లి దేవుని ప్రార్థించిరట. కొన్నింటిని చంపిరి, తక్కినవి మరల దాగినవని వ్రాతగాడు ముగించెను. మంచుగడ్డలు తేలు నదిలో మొసలి బ్రతుకదని వేరుగ చెప్పనక్కరలేదు. పదునేడవ శతాబ్దమున వ్రాయబడిన మరియొక కథలో వొల్ఖొవు అను మాయావి ఇట్టి మొసలిరూపమునే దాల్చి నదీమార్గమును బంధించి, తనకు మ్రొక్కనివారిని మ్రింగెనని యున్నది. వ్రాతగాండ్రు చూడని జంతువును గ్రంథములనుండి తెచ్చిరి. కాని నీటిలోనుండి ప్రాకివచ్చు క్రూరసత్త్వము అను భయము మాత్రము ఆ నేలలోనిదే.

రష్యను పల్లెలలో మిక్కిలి కన్నీరు నింపిన విశ్వాసము అగ్నిసర్పమును గూర్చినది. రాత్రివేళ ఆకాశమునుండి ఉల్క రాలినయెడల, అది అగ్నిసర్పమనియు, ఏదో ఒక యింటికప్పుపై నిప్పురవ్వలుగా చెదరి లోనికి దిగుననియు చెప్పుకొనెడివారు. అది చనిపోయిన భర్తకొరకో, దూరదేశమునకు పోయిన భర్తకొరకో కుమిలిపోవు స్త్రీ యొద్దకు ఆ భర్తరూపముననే వచ్చునట. ఆమె అతడే వచ్చెనని మురిసిపోవును. దినదినమును చిక్కి శల్యమగును. తుదకు మరణించును. అందుచే బంధువులు చనిపోయినవానికొరకు మితిమీరి యేడువవలదని ఆమెను మందలించెడివారు. పదునారవ శతాబ్దమున యెర్మొలాయి-ఎరాజ్ము అను సన్యాసి రచించిన పీటరు ఫెవ్రోనియల కథకు ఈ నమ్మకమే పునాది. ము‌రొము నగరాధిపతి భార్యయొద్దకు భర్తవేషమున సర్పము వచ్చును. భర్తతమ్ముడగు పీటరు దానిని వధించును. దాని రక్తము చింది అతని యొడలు పుండ్లగును. ఫెవ్రోనియ యను పల్లెపడుచు అతనిని స్వస్థపఱచి పెండ్లాడును. దుఃఖమునకు ఒక రూపమిచ్చి, ఆ రూపమునకు పామని పేరుపెట్టుట ఇందలి మర్మము. ఆ కాలపు యుద్ధములలో ఎందఱు భర్తలు తిరిగిరాలేదో ఈ కథలనుబట్టి ఊహింపవచ్చును.

పాములకు ఒక పంచాంగమును కలదు. సెప్టెంబరు 27వ తేదీన రష్యను చర్చివారు శిలువను పైకెత్తిన పండుగ చేసికొందురు. "వజ్ద్వీజెనియె" యని దాని పేరు. పేరులో కదలుటయను అర్థముగల ధ్వని యుండుటచే, ఆనాడు పాములన్నియు కదలి ఒక్కచోట చేరి నేలలోనికి పోవునని రైతులు చెప్పుదురు. ఆ దినమున అడవికి పోరాదు. అయితే ఆ యేడు మనుష్యుని కఱచిన పామును మాత్రము భూదేవి లోనికి రానీయదట. అది మంచులో దిక్కులేక తిరిగి చచ్చును. నేలను రష్యనులు తడియైన తల్లియని పిలుతురు. బిడ్డను చంపినదానికి తల్లి తలుపు తీయదన్న ఈ భావనలో ఎంత ధర్మబుద్ధి యున్నదో చూడుడు.

పాముకాటునకు మంత్రములును కలవు. మాయికొవ్ అను పండితుడు 1869లో రష్యను మంత్రములను పెద్ద సంపుటముగ ప్రకటించెను. సముద్రమధ్యమున బుయాను అను ద్వీపము, అందు అలతీరు అను శిల, అచ్చట సర్పములకు రాణి. మంత్రగాడు ఆ రాణిని బ్రతిమాలును, బెదరించును. నీ ప్రజలను పిలిచి విషమును తీయింపుమని కోరును. ఇట్లు మంత్రించిన నీటిని కాటుతిన్నవానికి త్రాగింతురు. ఆ దేశపు పింజర కాటు బాధాకరమైనను ఆరోగ్యవంతుని చంపుట అరుదు. కావున మంత్రము వేసినవారిలో పెక్కుమంది బ్రతికిరి. బ్రతికించినది మంత్రమే యని లోకము నమ్మినది. మంత్రగాని కీర్తికి మూలము పాము దౌర్బల్యమే యనవచ్చును.

ఇక కోమి జాతివారి విశ్వాసములు చూతము. వారు చెప్పు సృష్టికథలో మొదట నీరు మాత్రమే యుండెను. ఆ నీటిపై ఒక బాతు తేలుచుండెను. అది పెట్టిన గ్రుడ్లలో కొన్ని లోతున మునిగిపోయినవి, రెండు మిగిలినవి. ఆ రెంటినుండి యెన్, ఒమొల్ అను సోదరులు పుట్టిరి. యెన్ వెలుగునకు, ఒమొల్ చీకటికి ప్రభువులు. పనికివచ్చు మృగములను, పక్షులను యెన్ సృజింపగా, కప్పలు, బల్లులు మొదలగువానిని ఒమొల్ సృజించెను. ఒమొల్ పరివారమును యెన్ ఉపాయముచే మట్టికుండలలో బంధించి నేలలో పాతిపెట్టెను. కాని ఒక కుండ పగిలినది. అందుండి తప్పించుకొన్నవి అడవులలో, నీళ్ళలో, బురదలలో చెదరిపోయినవి. బురదలో కప్ప బెకబెకలాడినప్పుడు కోమి వేటకాడు వినినది ఒక ప్రాణి కంఠము మాత్రమే కాదు. పగిలిన ఆ కుండయొక్క ప్రతిధ్వని.

ఈ భావన క్రైస్తవమతముకంటె ప్రాచీనమనుటకు మట్టిలో దొరకిన ఆధారమున్నది. కామ, వీచెగ్ద నదుల ప్రాంతములందు ఏడవ శతాబ్దమునుండి పన్నెండవ శతాబ్దము వఱకు పోతపోసిన కంచుఫలకములు పెక్కు లభించినవి. పురాతత్త్వజ్ఞులు దీనిని పెర్మ్ జంతుశైలి యందురు. కొన్ని ఫలకములందు దుప్పితల దాల్చిన మనుష్యరూపము నిలువబడియుండును. దాని పాదములక్రింద బల్లివంటి దీర్ఘజంతువొకటి అడ్డముగ పరుండియుండును. పైన ఆకాశము, నడుమ మనుష్యలోకము, అడుగున ప్రాకెడి జంతువు మోయు పాతాళము అని పలువురు దీనికి అర్థము చెప్పిరి. బల్లి అధోలోకమునకు చిహ్నమైనను ఇచ్చట అది కేవలము శత్రువు కాదు. పైలోకమునెల్ల మోయుచున్న పునాది. మన ఆదిశేషుని తలపించు భావమిది.

1379లో స్తెఫాను అను మతబోధకుడు కోమి దేశమునకు వచ్చెను. అతడు కోమి భాషకు ఒక లిపిని కల్పించి, ప్రార్థనలను ఆ భాషలోనికి తెచ్చెను. 1383లో పెర్మ్ ప్రాంతమునకు మొదటి బిషప్పుగ నియుక్తుడై, 1396లో మరణించెను. విగ్రహములను కూల్చెను, పామ్ అను మాంత్రికునితో వాదించి గెలిచెనని అతని చరిత్ర చెప్పును. విగ్రహములు కూలినవి గాని, ఒమొల్ సృష్టించిన ప్రాణులు అడవిలోనే యుండెను. అవి క్రమక్రమముగా సైతాను పరివారమైనవి. కథలలో పలుతలల గుందిరు అను సర్పరాక్షసుడు వీరులతో పోరాడుచునే యుండెను.

ఈ విశ్వాసములన్నింటిలో మనుష్యుల బ్రదుకులను నిజముగా తాకినది "షెవా" యనునది. కోమి జాతివాడే యగు పండితుడు సీదొరొవ్ 1928లో తన జాతివారి వైద్యమును, చేతబడిని గూర్చి లెనిన్‌గ్రాదులో ఒక గ్రంథము ప్రకటించెను. అందు షెవాకు పెద్దస్థానమిచ్చెను. షెవా యనగా మాంత్రికుడు ఇతరుల దేహములోనికి పంపునట్టి ఒక జీవము. బల్లి, కప్ప, పురుగు, వెండ్రుక ఇట్టివి దాని రూపములు. మాంత్రికుడు దానిని భూర్జపత్రపు డబ్బాలో దాచి పెంచునట. అన్నములోనో, పానీయములోనో, గాలిలోనో కలిపి పంపునట. ఎఱుగక మ్రింగినవారి కడుపులో అది నివాసమేర్పఱచుకొనును. ఎక్కువగా దీనికి చిక్కువారు స్త్రీలు. షెవా పట్టిన స్త్రీ ఉన్నట్టుండి కేకలు వేయును, మూర్ఛిల్లును, తనది కాని కంఠముతో పలుకును, ఇది కావలెను అది వలదు అని శాసించును. ఆ పలుకు ఆమెది కాదు, కడుపులోని బల్లిది యని ఇంటివారు నమ్ముదురు.

ఉత్తరరష్యను పల్లెలలో ఇట్టి వ్యాధినే "ఇకోత" యందురు. వెక్కిళ్ళు అని ఆ మాటకు అర్థము. ఇరుజాతులు శతాబ్దముల తరబడి ప్రక్కప్రక్కన బ్రతుకుటచే ఎవరిది ఎవరికి వచ్చినదో విడదీయుట కష్టము. దీనివలన నిత్యజీవితమున ఎన్నో నియమములేర్పడినవి. నీటికుండపై మూతలేకుండ ఉంచరాదు. ఆవులించునప్పుడు నోటిపై శిలువగుర్తు వేసికొనవలెను. అడవిలో ఆరుబయట నోరు తెఱచి నిద్రింపరాదు. నిద్రించినచో పాము లోనికి దూరును. అట్లు దూరినదానిని కాచిన పాల ఆవిరితోనో, అడవిపండ్ల వాసనతోనో బయటికి రప్పింతురని రష్యనులు కథలు చెప్పుదురు. కుండకు మూతపెట్టుట ఆరోగ్యమునకు మేలే. అన్ని నియమములును ఇంత నిరపాయములైన బాగుండెడిది.

కాని కడుపులోని షెవా తన్ను పంపినవాని పేరును చెప్పునట! ఇచ్చటనే ప్రమాదమంతయు నున్నది. మూర్ఛలో ఒక స్త్రీ పలికిన పేరు పొరుగువాని నెత్తిపై పిడుగగును. 1715లోనే పీటరు జారు ఇట్లు కేకలువేయు స్త్రీలను పట్టి విచారింపుడని ఆజ్ఞాపించెను. వారు కపటులని అతని అనుమానము. నూరేండ్లు గడచినను పరిస్థితి మారలేదు. 1815లో అర్ఖాంగెల్స్కు మండలపు పినెగ ప్రాంతమున ఒక రైతు తన బంధువగు స్త్రీకి ఇకోత తగిలించెనని నేరము మోపబడి న్యాయస్థానమున నిలిచెను. అతనికి ముప్పదియైదు కొరడాదెబ్బలును, చర్చిలో బహిరంగ ప్రాయశ్చిత్తమును విధింపబడినవి. కనబడని ఒక బల్లికొరకు కనబడు ఒక వీపు చిట్లినది. చరిత్రలో సర్పకథలు చదివి నవ్వుకొనునప్పుడు మనము ఈ రైతును మఱవరాదు.

మఱి ఆ స్త్రీలు కపటులా? 1900లో క్రాయిన్‌స్కి యను మానసిక వైద్యుడు ఇట్టి స్త్రీలను గూర్చియే ఒక గ్రంథము వ్రాసెను. అది కపటము కాదు, వ్యాధియే యని వైద్యులు క్రమముగా గ్రహించిరి. అత్తవారింట నోరెత్తరాని కోడలు, కోరరాని కోరికను, పలుకరాని పలుకును షెవా కంఠముతో పలికినదని తరువాతి పరిశోధకులలో కొందఱు భావించిరి. షెవా అడిగిన ఆహారమును ఇంటివారు తెచ్చియిచ్చెడివారు, షెవా ఒల్లని పనిని ఆమెచేత చేయించెడివారు కారు. కడుపులో బల్లి లేదు. నోటికి రాని మాటలు మాత్రముండెను. ఆ బాధ నిజము, దానికి పెట్టిన పేరు మాత్రము కల్పితము.

ఇంత భీకరమైన లోకములో కప్పకు మాత్రము కొంత మర్యాద దక్కినది. అఫనాస్యెవ్ 1855 మొదలు 1863 వఱకు ప్రకటించిన రష్యను జానపదకథలలో కప్పరాకుమారి మిక్కిలి ప్రసిద్ధురాలు. రాకుమారుడు వదలిన బాణము బురదలోని కప్పయొద్ద పడును. అతడు తలవంచుకొని దానినే పెండ్లాడును. అది రాత్రి తోలు విడిచి లోకమున ఎవరును చేయలేని పనులు చేయును. తొందరపడి ఆ తోలును కాల్చినందుకు అతడు భార్యను పోగొట్టుకొని లోకములన్నియు తిరుగవలసివచ్చును. కప్పను చంపినయెడల వాన కురియునని రష్యను పల్లెలలో అందురు. మన పల్లెలలో వాన పడనప్పుడు పిల్లలు కప్పను రోకలికి గట్టి యింటింటికి త్రిప్పగా, గృహిణులు నీళ్ళు పోయుదురు గదా! నీటికిని కప్పకును చుట్టరికమున్నదని ఇరుదేశముల రైతులును తమ కన్నులతో చూచియే నేర్చిరి.

కప్పను గూర్చిన మరియొక ఆచారము ఇటీవల విజ్ఞానశాస్త్రమున చర్చకు వచ్చినది. మంచుపెట్టెలు లేని కాలమున రష్యను గృహిణులు పాలు పులియకుండుటకై పాలకుండలో ఒక కప్పను విడిచెడివారు. వినుటకే రోతగానున్నది. కాని 2012లో మాస్కో ప్రభుత్వ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్రజ్ఞులు ఆ దేశపు సాధారణ గోధుమవన్నె కప్ప చర్మస్రావమును పరీక్షించి, అందు డెబ్బదికి పైగా క్రొత్త పెప్టైడులను గుర్తించిరి. వానిలో పెక్కింటికి సూక్ష్మక్రిములను అరికట్టు గుణము గలదని తెలిపిరి. అంతమాత్రమున పాలకుండలో కప్పను వేయుట మంచిదని ఎవరును తలంపరాదు. దాని యొడలిపై రోగక్రిములును ఉండవచ్చును. అయినను అవ్వలు చెప్పినదంతయు అంధవిశ్వాసమని త్రోసివేయుటకు ముందు ఒకసారి పరీక్షించి చూచుట శాస్త్రజ్ఞుని ధర్మమని ఈ సంగతి మనకు చెప్పుచున్నది.

పరీక్షింపగా అబద్ధమని తేలినవియు కలవు. రాగివన్నె గల కాళ్ళులేని బల్లి యొకటి రష్యాలో నుండును. చూపునకు చిన్నపామువలె నుండును. దీనికిని, విషములేని వేరొక రాగివన్నె పామునకును పల్లెలలో ఒకే విధమగు పేరు వాడుకలో నుండుటచే, రెంటికిని ఒకే అపకీర్తి అంటినది. ఇది గ్రుడ్డిదనియు, ఇవాన్ కుపాల పండుగనాడు, అనగా జూలై 7వ తేదీన, ఒక్క దినము మాత్రము దానికి చూపు వచ్చుననియు, అప్పుడు బాణమువలె ఎగిరి మనుష్యుని దేహమున దూసికొనిపోవుననియు నమ్మిరి. అది కఱచినవాడు సూర్యాస్తమయముతో చచ్చునట. నిజమునకు ఈ బల్లి గ్రుడ్డిది కాదు. దానికి రెప్పలతో కూడిన కన్నులున్నవి. విషము లేశమును లేదు. నత్తలను, వానపాములను తిని తోటలకు మేలు చేయును. అయినను కనబడినచోటనెల్ల మనుష్యులు దానిని కఱ్ఱతో కొట్టి చంపిరి. నేడు రష్యాలోని పెక్కు రాష్ట్రములు ఈ రెండు ప్రాణులను కాపాడవలసిన అరుదైన జీవుల పట్టికలో చేర్చుకొన్నవి. ఇవాన్ కుపాల కథకు ఎందఱు మనుష్యులు భయపడిరో చెప్పలేము గాని, ఆ కథవలన ఆ ప్రాణులు అనేకములు చచ్చినవి.

ఇప్పుడు మొదట వేసికొన్న ప్రశ్నకు వత్తము. పాములు తక్కువైన దేశమున పాముభయము అంతగా ఏల పెరిగినది? పాము వారికి జంతువు మాత్రమే కాదు. శీతకాలమున నేలలోనికి పోయి వసంతమున తిరిగివచ్చునది గనుక చనిపోయినవారి లోకమునకు దూత యైనది. భర్తను పోగొట్టుకొన్నదాని దుఃఖమునకు అది రూపమైనది. నోరులేని కోడలికి కంఠమైనది. పొరుగువానిపై ద్వేషమునకు సాకు అయినది. అడవిలో ఒక పింజర యుండిన చాలును. మనస్సులో వేయి పాములు పుట్టుటకు తక్కిన సామగ్రియంతయు మనుష్యుని యొద్దనే యున్నది.

కాబట్టి ఈ విశ్వాసములను మనము రెండు విధములుగ చూడవలెను. సృష్టిలోని ప్రతి ప్రాణికిని ఒక స్థానము కల్పించి, నేలను తల్లిగ భావించి, ఆ తల్లి న్యాయము తప్పదని నమ్మిన ఊహాశక్తికి నమస్కరింపవలసినదే. కాని అదే ఊహ ఒక పొరుగువాని పేరు చెప్పుట కారంభించినప్పుడు, హానిలేని ఒక ప్రాణిపై కఱ్ఱనెత్తించినప్పుడు, అచ్చట ఆగి ఆలోచింపవలెను. పినెగ రైతు వీపుపై పడిన ముప్పదియైదు దెబ్బలును ఏ పామును వేసినవి కావు.